కంకర రోడ్డు మీద మంచు తీయడానికి ఏ ట్రాక్టర్, ఏ స్నో బ్లోవర్? తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో, కెనడాలో ఊరికి దూరంగా నాలుగైదు ఎకరాల్లో ఇల్లు కొనుక్కున్న తెలుగువాళ్లు అక్కడక్కడా ఉన్నారు. ఇల్లు చూసుకున్నది వేసవిలో అయితే, మెయిన్ రోడ్డు నుంచి గుమ్మం దాకా ఉన్న కంకర బాట ముచ్చటగా కనిపిస్తుంది. ఆ బాట ప్రైవేటుదైతే దాని మీద పడే మంచు తీయడం కౌంటీ పని కాదు, మన పని. మొదటి చలికాలానికి ముందు ట్రాక్టర్, దానికి తగిలించి మంచుని దూరంగా విసిరే స్నో బ్లోవర్ కొనాలనుకునేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. తారు, కాంక్రీటు డ్రైవ్‌వేలకు చెప్పే సలహాలు కంకర మీద చాలావరకు పనికిరావు. అందుకే దీన్ని విడిగా రాయాల్సి వచ్చింది.

పావు మైలు బాటకి ట్రాక్టర్ దాకా వెళ్లాలా? చేత్తో నడిపే బ్లోవర్ చాలదా?

లెక్క వేసి చూద్దాం. పావు మైలు అంటే సుమారు 400 మీటర్లు. బాట వెడల్పు పది అడుగులు, అంటే మూడు మీటర్లు. రాత్రికి రాత్రి ఎనిమిది అంగుళాల మంచు పడితే 240 ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకి 100 కిలోలే ఉండే తేలికపాటి మంచు అనుకున్నా మొత్తం 24 టన్నులు. తడి మంచు అయితే దానికి రెండు మూడు రెట్లు. చేత్తో నడిపే 28 అంగుళాల బ్లోవర్‌తో ఆ బాట పొడవునా ఐదుసార్లు తిరగాలి, అంటే రెండు కిలోమీటర్ల నడక. అదీ తెల్లవారుజామున, ఆఫీసుకి బయల్దేరే ముందు.

బాట నూట యాభై అడుగుల లోపే అయితే చేతి బ్లోవర్ చాలు, ట్రాక్టర్ వద్దనే చెబుతాను. ఏడాదికి నాలుగైదుసార్లే మంచు పడే చోట ఉంటే మంచు తోసే ప్లౌ ట్రక్కు ఉన్న కాంట్రాక్టరుకి సీజన్‌కి ఇంతని మాట్లాడుకోవడం నయం. కానీ పెద్ద సరస్సుల గాలికి తెగకుండా మంచు కురిసే ప్రాంతాల సంగతి వేరు. మిషిగన్ ఉత్తర కొసన ఉన్న కీవెనా ద్వీపకల్పంలో ఏడాదికి 200 అంగుళాలు దాటడం మామూలే. 1978–79 చలికాలంలో అక్కడ 390.4 అంగుళాలు పడింది, అంటే 32 అడుగుల పైన. మిషిగన్ టెక్ యూనివర్సిటీ ఉన్న హౌటన్ ఆ ద్వీపకల్పంలోనే ఉంది కాబట్టి అక్కడ చదివిన మన పిల్లలకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. న్యూయార్క్ రాష్ట్రంలోని టగ్ హిల్, బఫెలో దక్షిణపు ఊళ్లు కూడా ఇలాంటివే.

మంచుని పక్కకి తోసే ప్లౌ బ్లేడు చవక కదా, బ్లోవర్ ఎందుకు?

మొదటి నెలలో ప్లౌ బాగానే ఉంటుంది. వేగంగా పని అవుతుంది, విరిగే భాగాలు తక్కువ. ఇబ్బంది జనవరిలో మొదలవుతుంది. ప్లౌ మంచుని ఎక్కడికీ పంపదు, రోడ్డు పక్కనే గట్టుగా పోస్తుంది. ఆ గట్టు గడ్డకట్టి రాయిలా అవుతుంది. తర్వాత తోసిన మంచుకి చోటు ఉండదు, రోడ్డు వారానికింత ఇరుకవుతుంది. పైగా గాలి వీచే మైదానంలో ఆ గట్లే మంచుని ఆపి మళ్లీ రోడ్డు మీదే పోగేస్తాయి.

బ్లోవర్ మంచుని ఇరవై ముప్పై అడుగుల అవతలకి విసిరేస్తుంది. గట్లు ఉండవు, అందుకే రోడ్డు మార్చిదాకా అదే వెడల్పులో ఉంటుంది. ప్రొపేన్ ట్యాంకర్ ఇంటిదాకా రావాలంటే ఆ వెడల్పు కావాలి. అంబులెన్సు రావాలన్నా అంతే. బాట పొడవైనదై, చుట్టూ ఖాళీ పొలాలు ఉంటే నా ఓటు బ్లోవర్‌కే. చిన్న బాట, చెట్ల మధ్య, గాలి తక్కువ అయితే ట్రాక్టర్ వెనక తగిలించే సాదా బ్లేడు సరిపోతుంది.

మా ఊళ్లో 45 హెచ్‌పీ ట్రాక్టరే మామూలుది. ఇక్కడ 25 హెచ్‌పీతో పని అవుతుందా?

అవుతుంది, బ్లోవర్ వెడల్పు దానికి తగ్గట్టు ఉంటే. చూడాల్సింది ఇంజిన్ హెచ్‌పీ కాదు, పీటీఓ హెచ్‌పీ, అంటే తగిలించిన పనిముట్టుని తిప్పే షాఫ్ట్ (పీటీఓ) దగ్గరికి చేరే పవర్. రోటవేటర్ నడిపినవాళ్లకి పీటీఓ కొత్త కాదు. ఇక్కడి వెనక పీటీఓ కూడా అదే 540 ఆర్‌పీఎం. బ్లోవర్ వెడల్పులో ఒక్కో అడుగుకి దాదాపు నాలుగైదు పీటీఓ హెచ్‌పీ కావాలన్నది పాత లెక్క, ఇప్పటికీ నమ్మదగినది.

జాన్ డీర్ 1025ఆర్, కుబోటా బీఎక్స్ తరహా సబ్-కాంపాక్ట్ (కాంపాక్ట్ కన్నా చిన్న) ట్రాక్టర్లలో ఇంజిన్ 22 నుంచి 24 హెచ్‌పీ దాకా ఉన్నా పీటీఓ దగ్గరికి వచ్చేది 18 లోపే. వాటికి 50 నుంచి 55 అంగుళాల బ్లోవర్ వరకే. 35 హెచ్‌పీ దరిదాపుల్లో ఉన్న కాంపాక్ట్ ట్రాక్టర్‌కి పీటీఓ దగ్గర సుమారు 26, 27 వస్తుంది. దానికి ఐదడుగుల బ్లోవర్ హాయిగా నడుస్తుంది.

ఇంకో కొలత కూడా ఉంది. బ్లోవర్ వెడల్పు ట్రాక్టర్ వెనక టైర్ల బయటి అంచుల కన్నా కనీసం రెండు మూడు అంగుళాలు ఎక్కువ ఉండాలి. లేకపోతే టైరు తీయని మంచు మీద ఎక్కుతుంది. టైర్లు వెడల్పు, పవర్ తక్కువ ఉన్న ట్రాక్టర్‌తో ఈ రెండూ కుదరవు. కొనేముందు టేపు పెట్టి కొలవండి.

గేర్ల ట్రాక్టర్ చవకగా దొరుకుతోంది. హెచ్‌ఎస్‌టీ తప్పనిసరా?

మంచు పనికి తప్పనిసరనే అంటాను. హెచ్‌ఎస్‌టీ అంటే హైడ్రోస్టాటిక్ ట్రాన్స్‌మిషన్. ఇంజిన్‌ని పీటీఓ వేగం దగ్గర నిలిపి ఉంచి, బండి వేగాన్ని పెడల్‌తో నత్తనడక దాకా తగ్గించుకోవచ్చు. బ్లోవర్ పని అంతా ఇదే: ఫ్యాన్ ఎప్పుడూ పూర్తి వేగంలో తిరగాలి, మంచు లోతుని బట్టి బండి వేగం క్షణక్షణం మారాలి. గేర్ల ట్రాక్టర్‌లో లోతైన చోటు రాగానే క్లచ్ తొక్కాలి, గేరు మార్చాలి, మళ్లీ బయల్దేరాలి. క్లచ్ మొత్తం తొక్కితే పీటీఓ కూడా ఆగే బండ్లలో, బ్లోవర్ నోట్లో మంచు ఉండగానే ఫ్యాన్ నిలిచిపోతుంది. హెచ్‌ఎస్‌టీ కొంత పవర్ తినేస్తుంది, నిజమే. ఆ నష్టం భరించదగ్గదే.

25 హెచ్‌పీకి కొంచెం తక్కువగా అన్ని మోడళ్లు ఎందుకున్నాయి?

కారణం కాలుష్య నిబంధనలు. అమెరికాలో టియర్ 4 ఫైనల్ నియమాల ప్రకారం 25 హెచ్‌పీ, ఆపైన ఉన్న డీజిల్ ఇంజిన్లకు 2013 నుంచి మసి హద్దులు కఠినమయ్యాయి. చాలా కంపెనీలు దానికోసం డీపీఎఫ్ అనే మసి ఫిల్టర్ పెట్టాయి. మహీంద్రా వంటి కొన్ని ఆ ఫిల్టర్ లేకుండా వేరే దారిలో నిబంధన అందుకున్నాయి. ఫిల్టర్ గొడవ వద్దనుకునేవాళ్ల కోసం కుబోటా ఎల్2501 లాంటివి 24.8 హెచ్‌పీ దగ్గర ఆపారు.

డీపీఎఫ్ పేరు వినగానే టెన్షన్ పడక్కర్లేదు. ఫిల్టర్ నిండినప్పుడు ఇంజిన్ వేడి పెంచి ఆ మసిని కాల్చేస్తుంది. గంటలకొద్దీ ఐడ్లింగ్‌లో ఉంచే బండ్లకే అది ఎక్కువగా ఇబ్బంది పెడుతుంది. స్నో బ్లోవర్ నడిపేటప్పుడు ఇంజిన్ ఎటూ పూర్తి లోడు మీదే ఉంటుంది కాబట్టి ఈ పనికి డీపీఎఫ్ అడ్డం కాదు. ఆరు అంగుళాల మంచు దాటిందంటే తక్కువ పవర్‌తో పడే పాట్లు ఎక్కువ. అందుకే పొడవైన బాటకి ఫిల్టర్‌కి భయపడి చిన్న ఇంజిన్‌కి దిగొద్దని నా సలహా.

బ్లోవర్ ముందు ఉండాలా, వెనక ఉండాలా?

ఇళ్లలో ఎక్కువ చర్చ దీని మీదే జరుగుతుంది. మూడు రకాలు ఉన్నాయి.

ముందు బిగించే బ్లోవర్‌తో ముందుకి చూస్తూ పని చేసుకోవచ్చు. మెడకి, కంటికి ఎంతో సుఖం. అయితే దానికి ట్రాక్టర్ మధ్యలోని పీటీఓ, కిందుగా సబ్‌ఫ్రేమ్, ప్రత్యేకమైన షాఫ్ట్ కావాలి. ఖర్చు వెనక బ్లోవర్‌కి రెండింతలు దాటిపోవచ్చు. అది బిగిస్తే ముందున్న లోడర్ బకెట్ తీసేయాల్సిందే. ఆ ట్రాక్టర్ మోడల్‌కి తప్ప ఇంకో దానికి తగలదు కాబట్టి తర్వాత అమ్ముకోవడమూ కష్టం.

వెనక త్రీ-పాయింట్ హిచ్‌కి (పనిముట్టుని మూడు చోట్ల పట్టుకునే అమరికకి) తగిలించేది చవక, గట్టిది. ఈ ట్రాక్టర్ పోయి ఇంకోటి వచ్చినా పనికొస్తుంది. లోడర్ ముందు అలాగే ఉంటుంది కాబట్టి మెయిన్ రోడ్డు మొదట్లో కౌంటీ ప్లౌ వదిలిపోయిన గడ్డల గట్టుని బకెట్‌తో ఎత్తి పక్కన పోయొచ్చు. లోపం తెలిసిందే: పనంతా వెనక్కి నడుపుతూ, మెడ తిప్పి చేయాలి.

మూడోది ఇన్వర్టెడ్ బ్లోవర్. అదీ వెనకే ఉంటుంది, కానీ నోరు ట్రాక్టర్ వైపు తిరిగి ఉంటుంది. మనం ముందుకి వెళ్తుంటే వెనక అది లాగినట్టు మంచు తీసుకుంటుంది. క్యుబెక్‌లో, ఒట్టావా చుట్టుపక్కల ఇళ్ల డ్రైవ్‌వేలు శుభ్రం చేసే కాంట్రాక్టర్లు ఎక్కువగా వాడేది ఇదే. నార్మాండ్, ప్రొనోవో లాంటి క్యుబెక్ కంపెనీలు వీటికి పేరున్నవి. దీనితో ఒక్కటే చిక్కు, ట్రాక్టర్ ముందుగా మంచులో దూరాలి. అడుగున్నర లోతు మంచు పొట్టకి తగిలితే బండి ఆగిపోతుంది.

మెడ నొప్పి లేకపోతే, బాట పావు మైలు వరకు ఉంటే వెనక బ్లోవర్, ముందు లోడర్ జోడీనే నేను ఎంచుకోమంటాను. మెడ, నడుము నొప్పులు ఉన్నవాళ్లు, మంచు ఎక్కువ తరచుగా పడే చోట ఉన్నవాళ్లు డబ్బు పెట్టగలిగితే ముందు బ్లోవర్ తీసుకోండి. రోజూ వాడే వస్తువు ఒంటిని బాధపెడితే చివరికి దాన్ని వాడడమే మానేస్తారు.

సింగిల్ స్టేజ్, టూ స్టేజ్ తేడా ఏంటి?

సింగిల్ స్టేజ్‌లో అడ్డంగా తిరిగే మర ఒక్కటే మంచు లాగి, తనే విసురుతుంది. టూ స్టేజ్‌లో మర మంచుని మధ్యకి తెస్తే వెనకున్న ఫ్యాన్ దాన్ని పైనున్న గొట్టంలోంచి విసురుతుంది. చేతి యంత్రాల్లో సింగిల్ స్టేజ్ మర నేలని రాసుకుంటూ తిరుగుతుంది, అది కంకరకి అసలు పనికిరాదు. కంకరకి టూ స్టేజే.

లోడర్‌కే బ్లోవర్ తగిలించి హైడ్రాలిక్స్‌తో నడపొచ్చా?

కాంపాక్ట్ ట్రాక్టర్‌తో కుదరదు. హైడ్రాలిక్ బ్లోవర్లు స్కిడ్ స్టీర్లు అనే చిన్న లోడర్ యంత్రాల కోసం చేసినవి, నిమిషానికి పదిహేను గ్యాలన్ల పైన నూనె ప్రవాహం అడుగుతాయి. చిన్న ట్రాక్టర్ ఇచ్చేది అందులో సగం కూడా ఉండకపోవచ్చు.

మంచుతోపాటు కంకర కూడా ఎగిరిపోతోంది. ఏం చేయాలి?

మిగతావన్నీ ఒక ఎత్తు, ఈ ప్రశ్న ఒక్కటీ ఒక ఎత్తు. కంకర రోడ్డుని అడుగు దాకా గీకకూడదు. అడుగున ఒక అంగుళం, అంగుళంన్నర మంచు వదిలేయాలి. తారు రోడ్డు అలవాటు ఉన్నవాళ్లకి అది పని సగంలో ఆపినట్టు అనిపిస్తుంది. కానీ కంకర మీద ఆ మిగిలిన పొరే రోడ్డు.

చలికాలం మొదట్లో నేల ఇంకా గడ్డకట్టదు. మొదటి మంచు రెండు మూడు అంగుళాలే అయితే బ్లోవర్ బయటికి తీయకండి. కారుతోనో ట్రాక్టర్‌తోనో దాని మీద నాలుగుసార్లు తిరిగి తొక్కించండి. అది అణిగి, రాత్రికి గడ్డకట్టి, రాళ్ల సందుల్లో సిమెంటులా పట్టుకుంటుంది. అలా రెండు మూడు మంచులు తొక్కించాక గట్టి తెల్లటి అడుగు ఏర్పడుతుంది. అప్పటినుంచి బ్లోవర్ దాని మీద జారుకుంటూ పోతుంది, రాయి కదలదు.

బ్లోవర్ రెండు పక్కలా కింద ఉండే ఇనుప చెప్పుల్ని స్కిడ్ షూస్ అంటారు. బోల్టులు వదులు చేసి కింది అంచు నేలకి అంగుళం నుంచి అంగుళంన్నర ఎత్తులో ఉండేలా వాటిని దించండి. గ్యారేజీ కాంక్రీటు మీద, అంచు కింద చెక్క ముక్క పెట్టి కొలిస్తే సరిగ్గా కుదురుతుంది. కంపెనీ ఇచ్చే సన్న షూస్ మెత్తటి కంకరలో దిగబడిపోతాయి. వెడల్పుగా, ముందు వెనక అంచులు పైకి వంగి ఉన్నవి కొనుక్కోండి, లేదా దగ్గర్లోని వెల్డింగ్ షాపులో చేయించుకోండి. వెనక బ్లోవర్ అయితే టాప్ లింక్‌ని (హిచ్ పైభాగంలో పొడవు మార్చుకోగల కడ్డీని) కాస్త కురచ చేస్తే నోరు కొద్దిగా పైకి లేస్తుంది, అంచు నేలలోకి తవ్వదు. ఇన్వర్టెడ్ రకానికి ఇది తిరగబడుతుంది, అక్కడ టాప్ లింక్ పొడవు పెంచాలి.

మళ్లీ ఫిబ్రవరిలో ఒక వెచ్చటి వారం వచ్చి అడుగు కరిగితే మొదటికొచ్చినట్టే. ఆ రోజుల్లో షూస్ ఇంకాస్త దించి, మంచు ఎక్కువ వదిలేయండి.

చలికాలానికి ముందు రోడ్డుకి ఏం చేసుకోవాలి?

అక్టోబరులో పెట్టే ఒక పూట శ్రమ చలికాలమంతా కాపాడుతుంది. బాక్స్ బ్లేడుతో (ట్రాక్టర్ వెనక లాగే పెట్టెలాంటి చదును బ్లేడుతో) గుంతలు పూడ్చి, నడుమ కొంచెం ఎత్తు, రెండు పక్కలా వాలు వచ్చేలా లెవెల్ చేయండి. కరిగిన నీళ్లు పక్కకి పోకుండా రోడ్డు మీద నిలిస్తే రాత్రికి అద్దంలాంటి ఐసు అవుతుంది, దాన్ని ఏ బ్లోవరూ తీయలేదు. కొత్తగా కంకర పోయిస్తే గుండ్రటి, కడిగిన రాయి వద్దు. క్రషర్ నుంచి వచ్చే కోసు రాయి, డస్ట్ కలిసినది అడగండి. అది అణిగి గట్టిపడుతుంది, గుండ్రాయి ఎప్పటికీ కదులుతూనే ఉంటుంది.

నేల గడ్డకట్టకముందే రోడ్డు రెండు అంచులా రంగు కర్రలు పాతండి. రెండడుగుల మంచు పడ్డాక రోడ్డెక్కడో కాలువెక్కడో ఎవరికీ తెలియదు. కల్వర్టు గొట్టాల చివర్లు, సెప్టిక్ ట్యాంకు మూత, వీధి చివర మెయిల్ బాక్స్ దగ్గర ప్రత్యేకంగా పాతాలి.

టైర్లు, చెయిన్లు, బరువు సంగతి?

కాంపాక్ట్ ట్రాక్టర్లు ఎక్కువగా ఆర్4 ఇండస్ట్రియల్ టైర్లతో వస్తాయి. లోడర్ పనికి అవి మంచివి, ఐసు మీద మాత్రం పట్టు తక్కువ. ఆర్1 అనే పొలం టైర్లు లోతు మంచులో బాగుంటాయి, గట్టి ఐసు మీద జారతాయి. సన్న గాట్లున్న టర్ఫ్ టైర్లు పలచటి మంచులో ఆశ్చర్యంగా బాగా పట్టుకుంటాయి. ఏ టైరైనా సరే, బాటకి ఎత్తుపల్లాలు ఉంటే వెనక చక్రాలకి చెయిన్లు వేయాల్సిందే. ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్నా అంతే. వీ-బార్ చెయిన్లు ఐసుని కొరుకుతాయి, కానీ గడ్డకట్టని కంకరనీ అంతే కొరుకుతాయి. అడుగు గట్టిపడేదాకా ఆగి వేసుకోండి. చెయిన్ ఫెండర్‌కి, హైడ్రాలిక్ గొట్టాలకి తగలకుండా ఎంత సందు ఉందో డీలర్‌ని అడిగి తెలుసుకోండి.

బరువు వల్ల కూడా పట్టు వస్తుంది. వెనక టైర్లలో ద్రవం నింపించుకోవడం తేలికైన దారి. షుగర్ బీట్ రసంతో చేసే ద్రవం నీటికన్నా దాదాపు 30 శాతం బరువు, చలికి గడ్డకట్టదు, రిమ్ములు తుప్పు పట్టవు. కాల్షియం క్లోరైడ్ చవకే గానీ కారితే రిమ్మును తినేస్తుంది. ముందు బ్లోవర్ పెట్టుకున్నవాళ్లు వెనక హిచ్‌కి బరువు పెట్టె తగిలించుకోకపోతే వెనక చక్రాలు తేలికై తిరుగుతూ ఉండిపోతాయి.

షియర్ బోల్టు మాటిమాటికీ తెగుతోంది. గట్టి బోల్టు వేస్తే పోలా?

వద్దు. తెగడానికే దాన్ని పెట్టారు. రాయో, గడ్డకట్టిన న్యూస్‌పేపర్ కట్టో మరలో ఇరుక్కుంటే ఆ చిన్న బోల్టు తెగి గేర్‌బాక్సుని కాపాడుతుంది. గట్టి బోల్టు వేస్తే తర్వాత విరిగేది గేర్‌బాక్సు లేదా ట్రాక్టర్ పీటీఓ. మాన్యువల్‌లో చెప్పిన గ్రేడు బోల్టులే డజను కొని, రెండు రెంచీలతో కలిపి ట్రాక్టర్ మీదే డబ్బాలో ఉంచుకోండి. మాటిమాటికీ తెగుతోందంటే బ్లోవర్ అంచు నేలకి మరీ దగ్గరగా ఉందని, లేదా రోడ్డులో పైకి లేచిన రాయి ఉందని అర్థం. పీటీఓ షాఫ్ట్‌కి స్లిప్ క్లచ్ (లోడు మితిమీరితే జారి యంత్రాన్ని కాపాడేది) ఉంటే ఏటా సీజన్‌కి ముందు దాన్ని వదులు చేసి, కొద్దిసేపు జారనిచ్చి, మళ్లీ బిగించండి. తుప్పు పట్టి బిగుసుకుపోయిన క్లచ్ ఉన్నా లేనట్టే.

తడి మంచుకి గొట్టం మూసుకుపోతోంది.

నెమ్మదిగా, కొంచెం కొంచెంగా తింటే తడి మంచు గొట్టంలో అతుక్కుంటుంది. ఫ్యాన్ పూర్తి వేగంలో ఉంచి, నోటినిండా మంచు పట్టించి ఆగకుండా పొండి. ప్రవాహం తెగకపోతే అతుక్కునే వీలుండదు. గొట్టం లోపల తుప్పు గరుకు ఉంటే శుభ్రం చేసి నున్నటి పెయింట్ వేయండి, పని మొదలుపెట్టే ముందు సిలికాన్ స్ప్రే కొట్టండి. వాన కలిసిన చిక్కటి బురద మంచు అయితే బ్లోవర్ పక్కనపెట్టి బ్లేడుతోనో బకెట్‌తోనో తోసేయడం మేలు, ఆ రాత్రి గడ్డకట్టకముందే.

డీజిల్ గడ్డకడుతుందట, నిజమేనా?

నిజం. సాదా నంబర్ 2 డీజిల్‌లో పదిహేను డిగ్రీల ఫారన్‌హీట్ దరిదాపుల్లోనే మైనం తేలడం మొదలవుతుంది. ఇంకా చలి పెరిగితే అది ఫిల్టర్‌ని మూసేస్తుంది, ఇంజిన్ స్టార్ట్ అయినా రెండు నిమిషాల్లో ఆగిపోతుంది. ఎక్కువమంది ఇరుక్కునేది సెప్టెంబరులో నింపి గ్యారేజీలో ఉంచిన క్యాన్‌తో. నవంబరు తర్వాత చలి ప్రాంతపు బంకుల్లో వింటర్ బ్లెండ్ దొరుకుతుంది, పాతది అయిపోయాక అదే పోయించండి. యాంటీ-జెల్ మందు గడ్డకట్టకముందే కలపాలి, కట్టాక కలిపితే పని చేయదు. ఇంజిన్‌ని వేడిచేసే బ్లాక్ హీటర్‌ని టైమర్‌కి పెట్టి మూడు గంటల ముందు ఆన్ అయ్యేలా చూసుకుంటే ఇంజిన్ సులువుగా అందుకుంటుంది. స్టార్ట్ అయ్యాక పది నిమిషాలు హైడ్రాలిక్ నూనె వేడెక్కనిచ్చి అప్పుడు బయల్దేరండి.

ఎర్ర రంగు కలిపిన డీజిల్ పన్ను లేక చవకగా వస్తుంది. ట్రాక్టర్‌కి వాడొచ్చు, రోడ్డు మీద తిరిగే డీజిల్ ట్రక్కులో పోస్తే జరిమానా.

క్యాబిన్ అవసరమా?

కావాలనే చెబుతాను, డబ్బు ఉంటే. బ్లోవర్ విసిరిన మంచులో కొంత గాలికి మన ముఖానికే వస్తుంది. హీటర్ ఉన్న క్యాబిన్ ఖరీదు వేలల్లో ఉంటుంది. దాన్ని పెట్టలేకపోతే గుడ్డ, ప్లాస్టిక్‌తో చేసిన సాఫ్ట్ క్యాబ్‌లు వస్తాయి, అవి గాలిని ఆపినా చాలు. అద్దాల మీద మంచు పేరుకోకుండా వైపర్లు, వెనక ఎల్‌ఈడీ లైట్లు ఉన్నాయో లేదో చూసుకోండి. ఎక్కువ పని చీకట్లోనే జరుగుతుంది. క్యాబిన్ ఎత్తు మీ గ్యారేజీ తలుపు కింద పడుతుందో లేదో ముందే కొలవండి.

మన మహీంద్రా కొనొచ్చా? ఏ బ్రాండు మంచిది?

కొనొచ్చు. మహీంద్రా అమెరికాలో ఎన్నో ఏళ్లుగా అమ్ముతోంది. ఇక్కడ అమ్మిన చిన్న మోడళ్లలో చాలావరకు జపాన్, కొరియా కంపెనీలు చేసిపెట్టినవి. 2023లో విడుదల చేసిన తేలికపాటి ఓజా శ్రేణిని మాత్రం తెలంగాణలోని జహీరాబాద్ ప్లాంటులో తయారు చేస్తున్నారు. కుబోటా, జాన్ డీర్, కియోటి, న్యూ హాలండ్, మాసీ ఫెర్గూసన్ అన్నీ పనికొచ్చే బండ్లే.

బ్రాండు కన్నా డీలర్ దూరం ముఖ్యం. జనవరిలో తుఫాను మధ్య హైడ్రాలిక్ గొట్టం పగిలితే ఇరవై మైళ్లలో విడిభాగం దొరికే బండి మంచి బండి. డీలర్ దగ్గరికి కొనేముందు ఒక శనివారం వెళ్లి, పార్ట్స్ కౌంటర్ దగ్గర పావుగంట నిలబడండి. ఎలా మాట్లాడుతున్నారో, సరుకు ఉందో లేదో అక్కడే తెలుస్తుంది.

సెకండ్ హ్యాండ్ బండిలో ఏం చూడాలి?

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించండి. ముందే వేడిచేసి ఉంచారంటే అనుమానించాలి. హెచ్‌ఎస్‌టీ వేడెక్కాక ఎత్తు ఎక్కించి చూడండి, అరుస్తూ బలం తగ్గితే పంపు అరిగినట్టు. పీటీఓ వేసి ఆపి చూడండి. జపాన్‌లో వాడి దిగుమతి చేసిన పాత గ్రే మార్కెట్ ట్రాక్టర్లు చవకగా దొరుకుతాయి గానీ, చాలావాటికి విడిభాగాలు ఇక్కడి డీలర్ ఇవ్వడు.

ఇంట్లోవాళ్లకి చెప్పాల్సిన జాగ్రత్తలు?

540 ఆర్‌పీఎం అంటే సెకనుకి తొమ్మిది చుట్లు. మన ఊళ్లలో నూర్పిడి యంత్రాల దగ్గర పంచె, చీర కొంగు చుట్టుకుని జరిగిన ఘోరాలు విన్నవాళ్లకి ఇది గుర్తుండాలి. ఇక్కడ మఫ్లర్, జాకెట్ తాడు అదే పని చేస్తాయి. షాఫ్ట్ మీది ప్లాస్టిక్ కవరు పగిలితే కొత్తది వేసేదాకా నడపొద్దు.

గొట్టం మూసుకుంటే పీటీఓ ఆపి, ఇంజిన్ ఆపి, తాళం జేబులో వేసుకుని, అన్నీ ఆగాయని చూసి అప్పుడు దిగండి. చేత్తో కాదు, కర్రతో తీయండి. ఇరుకు వదలగానే మర ఒక్కసారి కదలొచ్చు. ఇంటి కిటికీల వైపు, కార్ల వైపు, మనిషి నడిచే వైపు గొట్టం తిప్పొద్దు. కంకర రోడ్డు మీద ప్రతి విసురులో రాయి ఉందనే అనుకోవాలి. పిల్లలు మంచు గట్టుల్లో గుహలు తవ్వుకుని ఆడుకుంటారు. వాళ్లు ఇంట్లో ఉన్నారని కళ్లతో చూశాకే ఇంజిన్ తిప్పండి. ట్రాక్టర్‌ని మూసిన గ్యారేజీలో వేడెక్కించకండి. బండి బోల్తా పడితే కాపాడే రోల్ బార్ ఎత్తి ఉంచి, సీటు బెల్టు పెట్టుకోండి. ఎవరైనా ఒకరికి ఫోన్‌లో చెప్పి బయల్దేరండి.

మంచుని పబ్లిక్ రోడ్డు మీదకి, పొరుగువాళ్ల వైపు విసరొచ్చా?

మిషిగన్, న్యూయార్క్ సహా చాలా చోట్ల పబ్లిక్ రోడ్డు మీద మంచు వేయడం చట్టవిరుద్ధం. బాట మొదట్లో గొట్టాన్ని మన పొలం వైపే తిప్పాలి. ఒకే బాటని రెండు మూడు ఇళ్లు పంచుకుంటుంటే మంచు ఎవరు తీయాలి, డీజిల్ ఖర్చు, కంకర ఖర్చు ఎలా పంచుకోవాలన్నది ఒక కాగితం మీద రాసుకోండి. పొరుగువాళ్ల దగ్గర డబ్బు తీసుకుని తీస్తే ఇంటి ఇన్సూరెన్స్ దాన్ని వ్యాపారంగా చూడొచ్చు. ఏజెంటుకి ఒక ఫోన్ చేసి అడగండి.

డబ్బు సరిపోవడం లేదు. దేన్ని వదులుకోవాలి?

మొదట క్యాబిన్ వదులుకోండి, ఆ తర్వాత ముందు వైపు బిగించే బ్లోవర్‌ని. బ్లోవర్ సెకండ్ హ్యాండ్‌ది తీసుకున్నా ఫర్వాలేదు, కట్టింగ్ అంచు, బేరింగులు మార్చుకోవచ్చు. హెచ్‌ఎస్‌టీ, చెయిన్లు, టైర్లలో బరువు, మంచి స్కిడ్ షూస్ మాత్రం వదలకండి. మంచు సీజన్ అయిపోయాక మార్చి, ఏప్రిల్ నెలల్లో బ్లోవర్ల ధర దిగుతుంది. నవంబరు మొదటివారంలో కొనబోతే బేరానికి ఎవరూ ఆగరు.

ఏప్రిల్‌లో గడ్డి మీద చేరిన కంకరని ఏం చేయాలి?

ఎంత జాగ్రత్తపడ్డా కొంత రాయి గడ్డిలోకి పోతుంది. గడ్డి పెరగకముందే, నేల ఆరాక ఏరేయాలి. లేకపోతే లాన్ మూవర్ బ్లేడు దాన్ని బుల్లెట్‌లా విసురుతుంది. కొంచెమైతే పళ్ల దంతెతో (రేక్) లాగండి, ఎక్కువైతే ట్రాక్టర్‌కి తగిలించే రోటరీ బ్రూమ్ ఒక రోజుకి అద్దెకు తెచ్చుకోండి. అప్పుడే బ్లోవర్ కడిగి, గేర్‌బాక్సు నూనె మార్చి, గ్రీజు కొట్టి, గీరుకుపోయిన చోట పెయింట్ వేసి షెడ్డులో పెట్టేయండి.